మాస్కో చూసొచ్చిన వెంకటేశం

నాంపల్లి స్టేషన్ వెనక మా గల్లీకి వచ్చి వెంకటేశం ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ చెప్పరు. మాస్కో సారు ఇల్లు అనాలి. అప్పుడు గల్లీ కుక్క కూడా ముందు నడిచి గుమ్మం దాకా దిగబెట్టి వస్తుంది. అంటే, పోయిన ఏడాది వరకు అట్లాగే ఉండేది.

ఆ పేరు ఊరికే రాలేదు. దాని కోసం రెండు పెద్ద దేశాలు నలభై ఏళ్లకు పైగా పళ్లు నూరుకోవాల్సి వచ్చింది.

వెంకటేశం ఆబిడ్స్‌లో కాగితాల దుకాణంలో గుమస్తా. డెబ్బై ఒకటిలో మనకూ పాకిస్తాన్‌కూ యుద్ధం జరుగుతుంటే అమెరికా తన యుద్ధనౌకల్ని బంగాళాఖాతంలోకి తోలింది. రష్యా ఓడలు వాటి వెంట పడ్డాయి. ఆ వార్త రేడియోలో విన్న ఇరవై ఒక్కేళ్ల వెంకటేశం, దుకాణంలో నిలబడ్డచోటనే రష్యాకు మనసు ఇచ్చేశాడు. తర్వాత పెళ్లిచూపుల్లో కూడా అంత మొహం వెలగలేదని అతని భార్య పద్మ ఇప్పటికీ అంటుంది.

అతనికి ఎదురు దేశం జితేందర్. పక్క సందులో కోట్లు కుట్టే టైలర్. చంద్రుడి మీద అమెరికావాడు నిలబడ్డ ఫోటోను మిషన్ పైన గోడకు అంటించి, రోజూ ఊదుబత్తి వెలిగించేవాడని చెప్పుకుంటారు. ఊదుబత్తిని చూసినవాళ్లు లేరు కానీ ఫోటోకు మసి పట్టిన మాట నిజం. సాయంత్రం ఆరు కొట్టగానే ఇద్దరూ ఆబిడ్స్‌లోని ఇరానీ హోటల్లో ఎదురెదురుగా కూర్చుని మూడో ప్రపంచ యుద్ధం మొదలుపెట్టేవాళ్లు.

"నీ రష్యాల రొట్టెకు గూడ లైన్ల నిలవడాల్నట గద," అనేవాడు జితేందర్.

"నీ అమెరికాల నల్లోళ్లను బస్సుల ఎనకకు తోలిన్రు. ముందుగాల గది చెప్పు."

"అరె సాబ్, బాంబులు బయట ఏస్కోండ్రి. కప్పులు పలుగుతయి," అని వెయిటర్ మొత్తుకునేవాడు.

ఎనభైలో మాస్కో ఒలింపిక్స్‌కు అమెరికా పోలేదు. ఆ ఏడు వెంకటేశం చెల్లెలి పెళ్లికి జితేందర్ పోలేదు. ఎనభై నాలుగులో అమెరికాలో ఆటలు జరిగితే రష్యా పోలేదు. జితేందర్ కొత్త ఇంట్లో పాలు పొంగిస్తుంటే వెంకటేశం ఎదురు అరుగు మీద కూర్చుని పేపరు చదివాడు, తలకిందులుగా పట్టుకుని.

ఆ రోజుల్లో రష్యావాళ్ల రంగుల పత్రిక ఒకటి తెలుగులో వచ్చేది. దానికి చందాలు కట్టించే ఏజెంటు వెంకటేశమే. జనం దాన్ని చదివారని ఎవరైనా అంటే నమ్మకండి. కాగితం నున్నగా, మందంగా ఉండేది. జూన్ రాగానే పిల్లల పుస్తకాలకు అట్టలు వేసుకునేవాళ్లు. మా గల్లీలో లెక్కల పుస్తకాల మీద ట్రాక్టర్లు దున్నేవి, తెలుగు వాచకాల మీద రాకెట్లు లేచేవి.

ఎక్కువ చందాలు చేర్పించిన ఏజెంటును మాస్కో చూపిస్తామన్నారు పత్రికవాళ్లు. ఇక వెంకటేశాన్ని ఆపడం ఎవరి తరం? కాచిగూడ లాడ్జీల వాచ్‌మెన్లు, గౌలిగూడ బస్టాండు కండక్టర్లు, అఫ్జల్‌గంజ్‌లో మెంతులు అమ్మేవాళ్లు అందరూ చందాదారులయ్యారు. బతికున్నవాళ్లు చాలకపోతే, పోయిన మేనమామ పేరు కూడా రాశాడు. గెలిచాడు. తొంభై ఒకటి డిసెంబర్‌లో ప్రయాణం.

కోటు కుట్టింది జితేందరే. "రష్యా చలికి అమెరికావాని సూదే దిక్కాయె సూడు," అని ఎగతాళి చేశాడు గానీ, లోపల లైనింగ్ రెండు వరసలు వేశాడు.

బయలుదేరే రోజున వెంకటేశం తల్లి కొడుకు కుడి జబ్బకు ఇమామ్ జామిన్ కట్టింది. పాత హైదరాబాద్ ఇళ్లలో దీనికి హిందువూ తురకా తేడా లేదు. ఆకుపచ్చ గుడ్డలో నాణెం మూటకట్టి, దూరం పోయేవాళ్ల జబ్బకు కడతారు. చేరవలసిన ఊరు చేరాక, ఆ ముడి విప్పి నాణెం అక్కడి బీదవాడికి ఇవ్వాలి. చేరకముందు విప్పకూడదు. నాంపల్లి స్టేషన్‌లో ఢిల్లీ బండి కదిలేసరికి వెంకటేశం మెడలో ఎన్ని దండలున్నాయంటే, పెట్టెలో అతని పక్కన కూర్చున్న ఆసామికి మల్లెపూల వాసనకు తలనొప్పి వచ్చిందట.

పదిహేను రోజులకు తిరిగొచ్చాడు. ఎన్ని కథలు తెచ్చాడో! మోకాలి లోతు మంచు. భూమి కింద పాలరాతి స్టేషన్లు. హిట్లర్ యుద్ధంలో ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్న ముసలామె ఒకామె, ఇండియా అని వినగానే అతన్ని కావలించుకుని ఏడ్చి, చేతిలో నల్ల రొట్టె పెట్టిందట.

"మరి దేశమే పోయిందంటున్రు గద?" అని అడిగాడు జితేందర్.

"నా కండ్ల ముంగట్నే ఎర్ర జెండ దించిన్రు," అని వెంకటేశం తువ్వాలుతో మొహం దాచుకున్నాడు.

జితేందర్ ఆ రోజు చాయ్ ముట్టలేదు. "ఇగ నేనెవ్వనితోని కొట్లాడాలె?" అని లేచిపోయాడు.

ఇంట్లో స్నానానికి నీళ్లు తోడిన పద్మ మాత్రం ఒకటి చూసింది. మొగుడి జబ్బకు ఇమామ్ జామిన్ అట్లాగే ఉంది, అత్తమ్మ వేసిన ముడి అట్లాగే ఉంది. మనిషి చేరలేదని అర్థమైంది. కత్తెరతో గుడ్డ కత్తిరించి, నాణెం స్టేషన్ మెట్ల మీద ఒక కుంటివాడికి తానే ఇచ్చి వచ్చింది.

జరిగింది ఇదీ. ఢిల్లీలో పత్రిక ఆఫీసుకు పోతే, పంపడానికి దేశమే లేదు, ఎక్కడికి పంపాలని చేతులు తిప్పారు. అన్ని దండలు వేయించుకున్న మెడతో మరునాడే నాంపల్లిలో దిగలేక, వెంకటేశం ఆ రెండు లైనింగుల కోటు కప్పుకుని పదిహేను రోజులు ధర్మశాలలో పడుకున్నాడు.

ఆ పదిహేను రోజులతో ముప్పై రెండేళ్లు బతికాడు. బళ్లో జెండా పండుగకు ఉపన్యాసం అతనిదే. గల్లీలో పంచాయితీ అయితే తీర్పు అతనిదే. పద్మ పక్కన నిలబడి, కథ మంచు దగ్గరికి వచ్చేసరికి వంటింట్లోకి పోయేది.

ఆ కథలు అందరికన్నా ఎక్కువ విన్నవాడు శ్రావణ్. స్టేషన్ ముందు టిఫిన్ బండి పెట్టుకున్న రాణి కొడుకు. తండ్రి లేడు. వెంకటేశం అరుగు మీదే పెరిగాడు. ఇప్పుడు ఇరవై మూడేళ్లు, బైకు మీద ఇళ్లకు బిర్యానీలు మోస్తాడు. పోయిన ఏడాది ఎండాకాలంలో అంజన్ అనే ఏజెంటు తగిలాడు. ఆబిడ్స్‌లో మూడో అంతస్తులో ఏసీ ఆఫీసు, గోడకు విమానం బొమ్మ. రష్యాలో హెల్పర్ పని అన్నాడు. అక్కడ జరుగుతున్న యుద్ధానికి వెయ్యి మైళ్ల దూరమన్నాడు.

రాణి ఒకటే షరతు పెట్టింది. "నాకు సదువు రాదు, దేశం తెల్వది. మాస్కో సారు ఔ అంటె ఔ."

అంజన్ పండ్ల బుట్టతో వచ్చి వెంకటేశం అరుగు మీద కూర్చున్నాడు. గల్లీ అంతా పోగైంది. అంతమంది ముందు, ఆ పండ్ల ముందు వెంకటేశం ఛాతీ పొంగింది. "రష్యా కదా. కన్నతల్లి అసొంటి దేశం. పోనీయ్," అన్నాడు.

శ్రావణ్ సంతోషంగా జేబులోంచి నాలుగు పేజీల కాగితం తీశాడు. "సంతకం పెట్టాలంట తాతా. మొత్తం రష్యన్‌ల ఉన్నది. నీకొస్తది గద, జర సదివి సెప్పు."

వెంకటేశం కాగితాన్ని ఎగాదిగా చూశాడు. "కండ్లద్దాలు లేవురా. ఈడ పెట్టిపో, సోమారం చెప్త," అన్నాడు.

కళ్లద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. ఎవరూ గమనించలేదు. పద్మ గమనించింది.

ఆదివారం ఆబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి, ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. వెంకటేశం పొద్దున్నే పోయి కుప్పలన్నీ తిరగేసి, వెనక అట్ట ఊడిన రష్యన్-తెలుగు నిఘంటువు ఒకటి పట్టుకున్నాడు. మూసి ఉన్న బట్టల దుకాణం మెట్ల మీద కూర్చుని, చీమను చీమతో పోల్చినట్టు ఒక్కో అక్షరం పోల్చుకున్నాడు. ఎండ మెట్ల మీదికి వచ్చింది, తల మీదికి వచ్చింది, దాటిపోయింది. పొద్దుగూకేసరికి మూడు మాటలు దొరికాయి. ఒప్పందం. సైనిక. సేవ.

డెబ్బై నాలుగేళ్ల మనిషి, జన్మలో మొదటిసారి రష్యన్ చదివాడు.

సోమవారం పొద్దున రాణి బండి దగ్గరికి వచ్చాడు. శ్రావణ్ ఉన్నాడు. కాగితం కోసం అంజన్ వచ్చి ఉన్నాడు. జితేందర్ ఇడ్లీ తింటున్నాడు.

"రాణీ, పిలగాన్ని పంపకు. గిది హెల్పర్ పని గాదు. పటాలంల నౌకరి."

అంజన్ నవ్వాడు. "సారూ, కాయితాల మీద గట్లనే రాస్తరు. గోదాంల సామాన్లు మోసుడే. మీరు పెద్దోళ్లు, మీకు తెల్వనిదా?"

"పటాలమైతే ఏందట తాతా?" అన్నాడు శ్రావణ్. "ఇండియావోడంటె ఆళ్లు కడుపుల వెట్టుకుంటరని నువ్వే చెప్తివి. గా ముసలామె నీకు రొట్టె ఇయ్యలేదా? మన్ని సావనిస్తరా ఆళ్లు?"

"ముసలామె లేదురా."

"ఎప్పుడు సచ్చిపోయింది?"

"పుట్టనేలేదు."

జితేందర్ చేతిలో ఇడ్లీ చట్నీలో పడింది.

"నేను మాస్కో పోలె," అన్నాడు వెంకటేశం. "ఢిల్లీల ధర్మశాలల పండుకున్న. మంచు లేదు, రొట్టె లేదు, జెండ దించుడు నేను సూడలె. గా దేశం గురించి నాకేం తెల్వది శ్రావణ్. గీ మూడు మాటలు తప్ప. నిన్న ఫుట్‌పాత్ మీద నేర్చుకున్న."

ముందు తేరుకున్నది అంజన్. "సూసినవా అక్కా? ముప్పై ఏండ్లు అబద్ధం చెప్పినోడు ఇయ్యాల నిజం చెప్తున్నడా? గీయన మాట వట్టుకొని కొడుకు బతుకు పాడుచేస్తవా?"

రాణి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. వెంకటేశం దగ్గర్నుంచి శ్రావణ్ చేతిలోకి తీసుకోబోతున్న కాగితాన్ని గుంజుకుని పొయ్యిలో పెట్టింది. "మీ ఇద్దర్ల ఎవ్వడు దొంగనో నాకు తెల్వది. సారు ఔ అంటె పంపుతనన్న. ఇగ సారే లేకపాయె. నడువుండ్రి, గిరాకి టైం."

శ్రావణ్ బైకు స్టార్ట్ చేసి, వెంకటేశం ముందు ఆపాడు. "ముప్పై ఏండ్లు ఆగిన అబద్ధం ఇంకో వారం ఆగకపాయెనా తాతా?"

జితేందర్ చేయి కడుక్కోలేదు. "నేను రష్యాతోని కొట్లాడుతున్న అనుకున్న. నా చెల్లె పెళ్లికి సమానం నీ చెల్లె పెళ్లి. పోలె. గదంత ఆఖరికి ఒక ధర్మశాల పాలాయెనారా వెంకటేశం?" అని వెళ్లిపోయాడు. ఆరింటి చాయ్ ఆ రోజుతో బందైంది.

మా గల్లీ నోరు గురించి చెప్పాలా? సాయంత్రానికల్లా మాస్కో సారు పోయి ఢిల్లీ వెంకటేశం మిగిలాడు. మర్నాటికి అతను ఢిల్లీ కూడా పోలేదు, కాజీపేటలో దిగిపోయాడన్నారు. వారం తిరిగేసరికి, అతని జబ్బ మీద కొట్టినవాళ్లు, పోలీసులకు పట్టించినవాళ్లు, ధర్మశాలలో చీపురు పట్టించినవాళ్లు కూడా ఆ కథలో తయారయ్యారు. ఆగస్టులో బడివాళ్లు ఉపన్యాసానికి ఒక కార్పొరేటర్ బావమరిదిని పిలుచుకున్నారు. శ్రావణ్ మళ్లీ బిర్యానీలు మోస్తూ, అరుగు ముందు నుంచి పోవలసి వస్తే హారన్ కొట్టి మరీ పోయేవాడు. కొడుక్కి వచ్చిన భాగ్యం ముసలోడు కాలదన్నాడని రాణి నల్లా దగ్గర రోజూ చెప్పింది.

చలికాలం మొదట్లో పేపర్లో వచ్చింది. ఇట్లాంటి ఏజెంట్ల మాట నమ్మి పోయిన పిల్లల చేతికి తుపాకులిచ్చి కందకాల్లోకి తోలారని, కొందరి శవాలు కూడా రాలేదని. ఆబిడ్స్‌లో మూడో అంతస్తుకు తాళం పడింది. గల్లీ అంతా ఆ పేపరు చేతులు మార్చి చదివింది. ఒక్క నోటి నుంచీ వెంకటేశం పేరు రాలేదు.

ఆ గురువారం రాణి కొడుకును తీసుకుని యాదగిరిగుట్టకు పోయి, శ్రావణ్ తలనీలాలు ఇప్పించింది. తిరిగొచ్చి పళ్లెం నిండా లడ్డూలు, పులిహోర పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. "నర్సింహసామి అడ్డం పడ్డడు. లేకుంటె నా కొడుకు ఏడ ఉండేటోడో," అని ప్రతి గుమ్మంలో ఏడ్చింది. ఆడవాళ్లంతా ఏడ్చారు. జితేందర్ కూడా కళ్లకద్దుకుని లడ్డూ తిన్నాడు.

చివరికి వెంకటేశం గుమ్మం వచ్చింది. రాణి పద్మ చేతిలో ఒక లడ్డూ పెట్టి, గొంతు తగ్గించానని తనకు తాను అనుకుంటూ అంది, "అమ్మా, గిది నీకే. ఆయనకు వెట్టకు."

పద్మ లోపలికి వచ్చింది. వెంకటేశం గుమ్మం పక్క కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు.

"ఎవరు?"

"రాణి. గుట్ట ప్రసాదం దెచ్చింది."

"పిలగాడు మంచిగున్నడా?"

"మంచిగున్నడు. సామి కాపాడిండట."

"ఔ మరి," అన్నాడు.

పద్మ లడ్డూను రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క అతని చేతిలో పెట్టబోయింది. వెంకటేశం చేయి వెనక్కి తీసుకున్నాడు.

"నాకొద్దు పద్మా. నీకని ఇచ్చింది. కిటికీ తెరిచే ఉన్నది."