తప్పు చూపిస్తేనే టీ

ఆ రోజు మబ్బు పట్టి ఉంది గాని వాన లేదు. తార్నాకలో బస్సు దిగి క్యాంపస్‌లోకి నడిచాను. ఎనిమిదిన్నరకు వాన కొలిచే పాత్ర చూసి, పుస్తకంలో సున్నా రాస్తుండగా ఫోన్ వచ్చింది. మా ప్రొఫెసర్ గారు పోయారట. సున్నా పక్కన సంతకం పెట్టి బయల్దేరాను. సంతకం లేని లెక్కను ఆయన ఒప్పుకునేవారు కాదు.

ఆయన దగ్గర ఇరవై ఏళ్ళు ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేశాను. వాతావరణం మీద ఏం రాసినా, ప్రభుత్వానికి పంపే ముందు ఒక గురువారం అందరి ముందూ చదివేవారు. ఎవరైనా రావచ్చు. తప్పు చూపినవాళ్ళకే టీ. "బాగుందండీ" అన్నవాళ్ళకు మంచినీళ్ళు. ఒకాయన ఏ తప్పూ దొరక్క, పేజీ నంబర్లు మరీ చిన్నగా ఉన్నాయన్నాడు. ఆయనకు సగం కప్పు ఇప్పించారు. నేను మొహమాటస్థుణ్ణి, చాలాకాలం నీళ్ళే తాగాను.

ఒక ఎండాకాలం మాణికేశ్వర్ నగర్‌లో కొన్ని రేకుల ఇళ్ళపైన తెల్లరంగు వేయించారు. వేయకముందు లోపలి వేడిని నేనే కొలిచాను. వేశాక థర్మామీటర్లు ఇళ్ళవాళ్ళకే ఇచ్చి రాసి పంపమన్నాను. వేడి చాలా తగ్గినట్టు వచ్చింది. రంగొక్కటే చాలని సారు నివేదిక రాశారు. అది ఆమోదం పొందితే బస్తీ మొత్తానికి రంగే. రేకుల కింద వేడిని ఆపే చాపలు, గాలాడే కిటికీలు ఇక అడగడానికి ఉండదు.

ఆ గురువారం, నివేదికను ఆమోదించాల్సిన ప్రభుత్వ కమిటీ అధికారి కూడా వచ్చాడు. మా డిపార్ట్‌మెంట్ ఊడ్చే ఆవిడది ఆ ఇళ్ళలో ఒకటి. గోడ పక్కన నిలబడి అంతా విని, మా ఇంట్ల గంత సల్లగ ఏడున్నది సార్ అంది. సారు ఆమె రాసిన లెక్కే చూపించారు.

"గా లెక్కనా? సర్కారు సామాను ఎండకు ఖరాబైతదని నీళ్ళకుండ పక్కకు పెట్టిన సార్. తడిబట్ట గూడ కప్పిన."

నన్ను పంపి మిగతా ఇళ్ళలో అడిగించారు. చాలామంది అంతే జాగ్రత్తగా చూసుకున్నారు. "గౌరవంతో మన లెక్క చెడగొట్టారయ్యా," అన్నారు సారు.

పైవాళ్ళకు మాట ఇచ్చేశామని, ఇప్పుడు వెనక్కి తీసుకుంటే నవ్వుతారని అధికారి అన్నాడు.

"ఇప్పుడు నవ్వితే నాకు సిగ్గు, అంతే. తర్వాతైతే ఎండ బస్తీవాళ్ళ నెత్తిన," అని సారు నివేదిక మొదటి పేజీని అడ్డంగా కొట్టేశారు.

ఆమెకు నిండు గ్లాసు టీ ఇప్పించారు. చక్కెర తక్కువైందని ఆమె చెప్పింది. అదీ తప్పే కాబట్టి ఇంకో గ్లాసు వచ్చింది.

మరుసటి ఏడు మళ్ళీ కొలిచాం. ఈసారి రోజూ నేనే వెళ్ళాను. రంగుతో వేడి తగ్గింది గాని చాలినంత కాదు. కొత్త నివేదికలో చాపలూ కిటికీలూ చేరాయి, తర్వాత బస్తీకీ వచ్చాయి. సారును మాత్రం కమిటీ మళ్ళీ పిలవలేదు.

సంతాపసభలో ఒక పెద్దమనిషి, సారు జీవితంలో ఒక్క తప్పూ చేయలేదన్నారు. వెనక వరసలోంచి మా ఊడ్చే ఆవిడ లేచింది.

"జేసిన్రు సార్. మా ఇంటి లెక్కనే. మా ముంగటనే కొట్టేసిన్రు."

నేను లేచి ఆమెకు టీ తెప్పించాను. పెద్దమనిషి మంచినీళ్ళు తాగి నాలుగింటికి వెళ్ళిపోయారు. ఆమె రెండో గ్లాసు కూడా తాగి ఐదున్నరకు వెళ్ళింది.