నెత్తి మీద "లా"

నేను పనిచేసే బట్టల దుకాణం ఈ అరబ్బు దేశంలో, హమ్రియా బజారులో ఉంది. లుంగీలు, టీషర్టులు, సూట్‌కేసులు, సైట్‌కు వేసుకెళ్ళే బూట్లు అమ్ముతాం. నాతో పాటు హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చిన ఒకతను ఉండేవాడు. నా భార్య సీబ్‌లో ఒక విల్లాలో ఇంటిపని చేస్తుంది. ఆమెకు శుక్రవారం మధ్యాహ్నం నుంచి సెలవు. నేను బస్సెక్కి వెళ్తే ఇద్దరం సాయంత్రం దాకా సముద్రం ఒడ్డున కూర్చునేవాళ్ళం. ఒకే దేశంలో ఉంటున్నా మాకు మిగిలిన కాపురం అంతే. ఆ పూట దుకాణం హైదరాబాదీ చూసుకునేవాడు. నమాజు నుంచి నేరుగా వచ్చి, "నువ్వు పో భాయ్, భాభీ ఎదురుచూస్తది" అనేవాడు. ఎందుకింత మంచితనం అని నాకు మొదటి నుంచీ అనుమానమే.

ఒకరోజు మా యజమాని అర్బాబ్ రెండు పెట్టెల టోపీలు దింపించాడు. ఒకదానిలో టోపీల మీద ఎన్, వై అక్షరాలు, అంటే న్యూయార్క్. రెండోదానిలో ఎల్, ఏ, అంటే లాస్ ఏంజెలెస్. చెరో పెట్టె తీసుకోమన్నాడు. ఎవరిది ముందు ఖాళీ అయితే వాళ్ళు హమ్రియాలోనే ఉంటారు, రెండోవాడు ఇబ్రాలో తెరవబోయే కొత్త దుకాణానికి పోవాలి. ఆ దుకాణానికి ఒక్కడే మనిషి. శుక్రవారమే అక్కడ గిరాకీ. ఇబ్రా పోతే నాకిక సీబ్ లేనట్టే.

హైదరాబాదీ చటుక్కున న్యూయార్క్ పెట్టె మీద చెయ్యేశాడు. అంత తొందరేమిటి? వీడికేదో తెలుసు అనుకున్నాను.

ఇక మొదలైంది. ఇద్దరం ఫోన్లలో వీడియోలు చూసి మా మా ఊళ్ళ గొప్పలు నేర్చుకున్నాం. ఒక్కసారి కూడా చూడని ఊళ్ళ కోసం గిరాకీల ముందే కొట్లాడుకునేవాళ్ళం.

"ర్యాప్ ఎక్కడ పుట్టింది? న్యూయార్క్‌ల. గోడల మీద రంగుల రాతలు, నేల మీద గిర్రున తిరిగే డ్యాన్సు, అన్నీ అక్కడివే. నీ దాంట్ల క్యా హై భాయ్?" అనేవాడు.

"సినిమా ఉన్నది. సినిమాలల్ల ఆకాశంలకెల్లి ఏది పడ్డా నీ న్యూయార్క్ మీదనే పడుతది. పడేసేటోడు మా ఊర్ల కూసుంటడు" అనేవాణ్ణి.

నిజం చెప్పాలంటే లాస్ ఏంజెలెస్ అంటే నాకు నమ్మకం లేదు. తెలంగాణ యాసను రౌడీలకు, జోకర్లకు అంటగట్టిన సినిమాలు చూస్తూ పెరిగినవాణ్ణి. కెమెరా ఎవరి దగ్గరుంటే హీరో వాళ్ళ మనిషే అవుతాడని నాకు ఒకరు చెప్పక్కర్లేదు. న్యూయార్క్ వాళ్ళు వీధుల్లో పాట పుట్టిస్తే, లాస్ ఏంజెలెస్ వాళ్ళు దానికి ఎండ, సముద్రం, నేలకు తగిలేలా దించిన కార్లు, వదులు ప్యాంట్లు తగిలించి మా పాట ఇదీ అన్నారు. రెండు ఊళ్ళూ పాటల్లోనే ఒకదాన్నొకటి తిట్టుకున్నాయి. ప్రపంచమంతా ఆ తిట్లకు తల ఊపింది. ఇంత అందమైన తగాదా ఎవరికో లాభం లేకుండా జరుగుతుందా? ఆ అనుమానాన్ని మింగేసి టోపీలు అమ్మేవాణ్ణి.

మొదట్లో బాగానే అమ్ముడుపోయాయి. తర్వాత ఎవరో తాళం వేసినట్టు ఆగిపోయాయి. మా జగిత్యాల వైపు మేస్త్రీ ఒకడు టోపీ చేతిలోకి తీసుకుని, పాము కనిపించినట్టు కింద పెట్టేశాడు.

"వద్దన్నా. సెలవు అడగవోతున్న. నెత్తి మీద 'లా' అని రాసుకొని ముదీర్ ముందల నిలవడుదునా?"

అరబ్బీలో "లా" అంటే లేదు, కాదు, వద్దు. మావాళ్ళు ఇక్కడ దిగాక మొదట వినే మాట అదే. ముదీర్ అంటే మేనేజర్, ఆయన నోట ఎక్కువగా వచ్చేదీ అదే.

"అది ఇంగ్లిషురా, ఎల్ ఏ అని సదవాలె."

"కలిపి సదివితే లా నే గదన్నా. న్యూయార్క్‌ది ఇయ్యి."

వాడొక్కడే కాదు, వచ్చినవాళ్ళందరిదీ అదే పాట. ఈ మాట పుట్టించింది ఎవరో నాకు తెలుసనుకున్నాను. హైదరాబాదీని నిలదీస్తే, "ఖుదా కసమ్ భాయ్, నేను అనలే" అన్నాడు. ఒట్టు వేయమని నేను అడగలేదే! గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ? ఆ తర్వాత అతను పోసిచ్చిన చాయ్ కూడా తాగలేదు.

న్యూయార్క్ పెట్టె ఖాళీ అయింది. ఇబ్రాకు సర్దుకోమని అర్బాబ్ నాతో చెప్పాడు.

ఆ శుక్రవారం సీబ్‌లో కూర్చోగానే నా కోపమంతా కక్కేశాను. పందెం సంగతి ఆమెకు అప్పటిదాకా చెప్పలేదు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. ముందుగా టోపీకి పట్టిన గతి చెప్పి, అలాంటి మాట పుట్టించిన నోరు పడిపోవాలన్నాను.

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

"అది నా మాటనే! మా విల్లా డ్రైవర్ గసొంటి టోపీనే పెట్టుకొని వచ్చిండు. 'మేడం పొద్దుగూకులు లా, లా అంటనే ఉంటది, సాలదని నువ్వు నెత్తి మీద రాసుకున్నవా' అన్న. అందరం పడి పడి నవ్వినం. నా మాట హమ్రియా దాక వచ్చిందా?"

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. తన మాట అంత దూరం పోయిందని ఆమెకు ఎంత సంబరమో. అప్పుడు పందెం గురించి, ఇబ్రా గురించి చెప్పాను.

నవ్వు సగంలో ఆగిపోయింది.

"నాకు ముంగటనే ఎందుకు చెప్పలే?"

అప్పుడు కూడా, ఆ మాట కావాలనే అన్నదా అని ఆమె ముఖంలోకి చూశాను. అక్కడ భయం తప్ప ఏమీ లేదు. నేను అలా ఎందుకు చూస్తున్నానో ఆమెకు అర్థమైంది. నా చేతి మీది నుంచి తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"గట్లయితె వచ్చే శుక్రవారం నేను ఎవలతోని కూసోవాలె?" అని అడిగింది.