కలపని తొట్టి

మా అమ్మమ్మ రాగ్నా నన్ను లెక్కల్లో తప్పించింది. సొంత మనవరాలినని జాలిపడి ఒక్క మార్కు కూడా కలపలేదు. అందుకే నేనిప్పుడు ఫెర్రీలో నిలబడి ప్రయాణికులకు కాఫీ పోస్తున్నాను. ఆవిడేమో పింఛను తీసుకుంటూ కిటికీ దగ్గర కూర్చుని, ఫెర్రీ ఆలస్యమైన రోజున నన్నే తిడుతుంది, దాన్ని నేను నడుపుతున్నట్టు. అయినా మా దీవికి కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా ఆవిడ గురించి అడిగితే నేను మార్కుల సంగతి ఎత్తను. తొట్టి సంగతి చెబుతాను.

ఏటా శరదృతువులో మా ప్రార్థనా మందిరంలో మిషన్ సంత జరుగుతుంది. ఆడవాళ్ళు ఏడాది పొడుగునా అల్లిన స్వెట్టర్లు, మేజోళ్ళు, గొర్రె తొడలు, కాఫీ పొట్లాలు బల్లమీద పేరుస్తారు. మధ్యలో బాదం కేకు ఉంటుంది. గాజులు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు, కింద పెద్ద చుట్టు, పైకి పోయేకొద్దీ చిన్న చుట్టు, ఒంటినిండా గుచ్చిన కాగితం జెండాలు. ఇవన్నీ బహుమతులు. చీటీ కొని పేరు రాసి తొట్టిలో వేస్తే, ఎవరి చీటీ తీస్తే వాళ్ళకు.

మా మందిరంలో పేకముక్క పాపం, పాచిక పాపం. చీటీ మాత్రం పుణ్యం, ఎందుకంటే డబ్బు మిషన్‌కు పోతుంది. అయితే ఒక నియమం ఉంది. తొట్టిని కలపకూడదు. గిలకరిస్తే అది పాచికలాట అయిపోతుందని పెద్దలు అన్నారట. చీటీ పడ్డచోటే ఉండాలి, కళ్ళు మూసుకుని పైనున్నది తీయాలి, ఆ చేతిని నడిపించేది పైవాడు. మా కాలంలో ఆ చెయ్యి తొర్కెల్‌ది. మందిరం పెద్ద, బడి కమిటీకి పెద్ద, తన సంగతి వచ్చేసరికి ఇంకా పెద్ద.

చీటీలమ్మే ఆడవాళ్ళు తలుపు దగ్గర మొదలుపెట్టి వేదిక దాకా నడుస్తారు, తొట్టి చివరికి వేదికమీదికే చేరాలి కాబట్టి. తలుపు దగ్గర వెనక బెంచీల్లో కూర్చునేది ఉప్పుచేపల షెడ్డులో పనిచేసేవాళ్ళు. వేదిక ముందు బెంచీల్లో తొర్కెల్ వాళ్ళూ, వాళ్ళ చుట్టాలూ. ఏటా బహుమతులన్నీ ముందు బెంచీలకే పోయేవి. వాళ్ళు దాన్ని ఆశీర్వాదం అనేవారు. వెనకవాళ్ళూ అలాగే అనుకునేవారు. అదే అసలు బాధ.

మా అమ్మమ్మ వాళ్ళమ్మ ఓలీన షెడ్డులో హెర్రింగ్ చేపలు కోసేది. ఎంత కడుక్కున్నా చేతులకు వాసన పోదు కాబట్టి, ఎవరూ చెప్పకముందే తలుపు పక్కన కూర్చునేది. అమ్మమ్మ చిన్నప్పుడు ఒక ఏడాది బహుమతుల్లో మంచుమీద జారే బూట్లు పెట్టారు. అమ్మమ్మ వాటికోసం ఓలీన గౌను పట్టుకుని ఏడ్చింది. ఓలీన చీటీ కొంది. బూట్లు ముందు బెంచీలో కూర్చున్న తొర్కెల్‌కు వచ్చాయి, అప్పుడతనూ అమ్మమ్మ ఈడు పిల్లాడే.

"మనవైపు ఆ పైనున్న ఆయన చూపు పడదే తల్లీ, ఊరుకో" అందట ఓలీన.

ఆ చలికాలమంతా తొర్కెల్ గడ్డకట్టిన చెరువుమీద అమ్మమ్మ చుట్టూ జారుతూ, "నీకు రాసిపెట్టి లేదే చేపలపిల్లా!" అని పాడాడట. ఓలీన ఆ మాటే నమ్మి, దేవుడికి తనంటే గిట్టదనుకుంటూనే చనిపోయింది. అమ్మమ్మ బెర్గెన్ నగరానికి వెళ్ళి టీచరు చదువు చదివింది. అక్కడ సంభావ్యత పాఠంలో మాస్టారు చీటీల డబ్బాను గిలకరించడం చూసి, తరగతి మధ్యలో లేచి నిలబడిపోయిందట. "ఏమైంది?" అని ఆయన అడిగితే, "మా తొట్టిని ఎవరూ కలపలేదండీ" అని చెప్పి కూలబడిందట.

తిరిగొచ్చాక ఆ సంగతి తొర్కెల్‌కు మర్యాదగానే చెప్పింది. "బడి లెక్కలు బళ్ళోనే పెట్టుకో రాగ్నా" అన్నాడతను. అమ్మమ్మ పెట్టుకుంది. పగ ఉప్పుచేప లాంటిది, సరిగ్గా ఉప్పు పట్టిస్తే ఎన్నేళ్ళయినా చెడదు.

మేము ఏడో తరగతిలో ఉండగా ఆవిడ సంభావ్యత మొదలుపెట్టింది. బళ్ళో ఆవిడను నేను కూడా టీచర్ అనే పిలవాలి, మరిచిపోతే గోడకుర్చీ. జతకు రెండేసి పాచికలు ఇచ్చింది. ఏ మొత్తం ఎక్కువసార్లు పడుతుందో ముందు ఊహించమంది. నేను పన్నెండు అన్నాను, పెద్ద అంకె కదా అని.

"పన్నెండుకు ఒకటే దారి, రెండూ ఆరు పడాలి" అంది అమ్మమ్మ. "ఏడుకు దారులెక్కువ. దారులు లెక్కపెట్టకుండా ఆశపడేవాళ్ళను ఏమంటారు ఇల్వా?"

"ఆశాజీవులు, టీచర్."

"మా ఇంట్లో మనవరాలు అంటారు. కూర్చో."

పాచికలు గలగలమంటుంటే తరగతి సంతలా ఉంది. మూడోరోజు తొర్కెల్ తలుపు తోసుకుని వచ్చాడు. టోపీ తీసి, అందులోకి పాచికలన్నీ ఊడ్చుకున్నాడు.

"పిల్లలకు జూదం నేర్పుతున్నావా రాగ్నా?"

"లెక్కలు నేర్పుతున్నాను తొర్కెల్."

"జూదగాళ్ళందరూ లెక్కలేసేవాళ్ళే."

అంతటితో ఆగలేదు. తల్లిదండ్రుల సమావేశంలో అందరిముందూ అమ్మమ్మ చేత క్షమాపణ చెప్పించాడు. అమ్మమ్మ చెప్పింది. ఎంత తియ్యగా చెప్పిందంటే, పక్కనే కూర్చున్న నాకు వెన్ను జలదరించింది. ఇంటికొచ్చి కాఫీ మర పట్టుకుని గింజల్ని పిండి పిండిగా తిప్పింది.

"ఆ తొట్టిని వాడి చేత్తోనే కలిపిస్తాను. మందిరంలోనే. మా అమ్మ కూర్చున్న బెంచీ చూస్తుండగా" అంది.

"కలపడమ్మమ్మా. ప్రాణం పోయినా కలపడు."

"ప్రాణం నాకెందుకే? చెయ్యి చాలు."

మర్నాడు పాచికల బదులు తరగతిలోకి ఒక బకెట్టు వచ్చింది. దాంట్లో అడుగున హెర్రింగులు, పైన కానగంతలు. కళ్ళకు గుడ్డ కట్టి ఒక్కొక్కరినీ చేప తీయమంది. అందరికీ కానగంతే వచ్చింది. తరగతంతా కంపు.

"అంటే ఈ బకెట్టులో కానగంతలే ఉన్నాయన్నమాట" అంది అమ్మమ్మ అమాయకంగా.

"లేదు టీచర్, అడుగున హెర్రింగులున్నాయి. మీరు కలపలేదు" అంది తూరా. తూరా తొర్కెల్ మనవరాలు, మా తరగతిలో అందరికంటే చురుకు.

"కలపకపోతే ఏంటట?"

"కలపకపోతే అన్ని చేపలకూ సమాన అవకాశం ఉండదు. పైనున్నదానికే ఉంటుంది. అప్పుడది అదృష్టం కాదు, వరుస." తూరా ఆగింది.  "టీచర్... మా తాతయ్య కూడా తొట్టి కలపడు."

అమ్మమ్మ బోర్డువైపు తిరిగి సుద్దముక్క కోసం వెతికింది. అది ఆవిడ చేతిలోనే ఉంది.

"నేనేమీ అనలేదు" అంది. "చేపలే అన్నాయి."

మేము ఆ వారమంతా ఇంకే పాఠం చెప్పించుకోలేదు. బకెట్టును కలిపి తీశాం, కలపకుండా తీశాం, సగమే కలిపి తీశాం. ఆ ఏడు సంతలో మా తరగతి పాటలు పాడుతుందని అమ్మమ్మ మందిరానికి కబురు పంపింది. తొర్కెల్ మురిసిపోయాడు. లొంగిపోయిందనుకున్నాడు. పాడే పిల్లలు కూర్చునేది వేదిక మెట్లమీద, ముందు బెంచీలకంటే ముందు. చీటీల తొట్టి అందరి దగ్గరా తిరిగి చివరికి వచ్చేది అక్కడికే.

సంత రోజున వేడి వాఫిల్ అట్ల వాసనతో మందిరం కమ్మగా ఉంది. మేము రెండు పాటలు పాడాం. నేను పెదాలు మాత్రం కదిపాను, అమ్మమ్మ ఆజ్ఞ. తొట్టి తలుపు దగ్గర బయలుదేరి, వెనక బెంచీలు దాటి, ముందు బెంచీల్లో తొర్కెల్ భార్య గున్వొర్ ఒళ్ళోనుంచి మా మెట్లమీదికి వచ్చింది. జేబుల్లో దాచుకున్న చిల్లరతో అందరం చీటీలు కొని, పేర్లు రాసి, పువ్వులు పెట్టినట్టు మెల్లగా పైన పెట్టాం.

తొర్కెల్ కళ్ళు మూసుకున్నాడు. చెయ్యి పెట్టాడు. కాఫీ పొట్లం మా తరగతి ఎస్కిల్‌కు. మేజోళ్ళు ఊనాకు. జనం చప్పట్లు కొట్టారు, పాపం పిల్లలకు వచ్చాయని. గొర్రె తొడ నాకు. చప్పట్లు పలచబడ్డాయి. స్వెట్టర్ తూరాకు. ఇక చప్పట్లు లేవు. ముందు బెంచీల్లో మెడలు తిరగడం మొదలైంది. మిగతావీ మా తరగతికే పోయి, బల్లమీద బాదం కేకు ఒక్కటే మిగిలింది.

తొర్కెల్ కళ్ళు తెరిచాడు. "ఏదో జరిగింది" అన్నాడు.

"ఏం జరిగింది తొర్కెల్?" అమ్మమ్మ వెనక బెంచీలో, తలుపు పక్కనుంచి లేచింది. అప్పటిదాకా ఆవిడ అక్కడుందని నేను గమనించలేదు. "ఆశీర్వాదం పిల్లలమీద పడింది. ఇన్నేళ్ళూ నువ్వు చెప్పింది అదేగా?"

"అన్నీ వాళ్ళకేనా? ఇదెక్కడైనా జరుగుతుందా?"

"జరగదంటావా? ముందు బెంచీలకు జరిగినప్పుడు ఎప్పుడూ అడగలేదే!"

వెనకనుంచి షెడ్డు ముసలాడు ఆన్‌ఫిన్ గొంతు లేచింది. "కలపవయ్యా తొర్కెల్! తొట్టి కలుపు!"

"కలపడం పాచికలాట" అన్నాడు తొర్కెల్.

"అయితే కళ్ళు మూసుకో" అంది అమ్మమ్మ. "కేకు కూడా నా పిల్లలకే ఇవ్వు. నా తరగతిలో జూదం నేర్చుకున్న పిల్లలనే పైవాడు ఎంచుకున్నాడని, నీ నోటితోనే చెప్పు."

 తూరా మెట్లమీదినుంచి సన్నగా, "కలుపు తాతయ్యా, మా బకెట్టులా చేప వాసనేమీ అంటదులే" అంది. వెనక బెంచీలన్నీ ఒక్కసారిగా పగలబడి నవ్వాయి.

తొర్కెల్ కోటు చెయ్యి మోచేతిదాకా మడిచాడు. తొట్టిలో పెట్టాడు. కలిపాడు. కోపంగా, పిండి పిసికినట్టు, అడుగునుంచి పైకి కలిపాడు. అమ్మమ్మ మొహం చూశాను. ఆవిడ తొర్కెల్‌ను కాదు, ఆ చేతినే చూస్తోంది. పక్కన ఖాళీ బెంచీమీద అరచెయ్యి ఆనించి ఉంది.

చీటీ బయటికొచ్చింది. తొర్కెల్ చదివాడు. మళ్ళీ చదివాడు. మొహం విచ్చుకుంది.

"గున్వొర్!" అన్నాడు. కేకు రెండు చేతులా ఎత్తాడు. "చూశారా? కలిపినా అంతే, కలపకపోయినా అంతే! ఎవరికివ్వాలో ఆయనకు తెలుసు!"

ముందు బెంచీలు చప్పట్లు కొట్టాయి. నా గుండె జారి చెప్పుల్లో పడింది. ఇంతా చేసి కేకు మళ్ళీ వాళ్ళకేనా! తూరా ఏడుపు మొహం పెట్టింది. అమ్మమ్మ మాత్రం తరగతిలో నడిచినట్టే నిదానంగా నడవలోంచి ముందుకు వచ్చింది.

"పిల్లలూ, ఒక్కసారి తీస్తే ఏం తెలుస్తుంది?"

"ఏమీ తెలియదు టీచర్" అన్నాం అందరం.

"విన్నావా తొర్కెల్? కలిపాక అది ఎవరికైనా రావచ్చు, నీకూ రావచ్చు. కాదు, ఆయనే ఇచ్చాడంటావా? చాలా సుళువు. కేకు బల్లమీద పెట్టు. గున్వొర్ చీటీ మళ్ళీ తొట్టిలో వెయ్యి, కలుపు, తియ్యి. ఆయనే ఇస్తే మళ్ళీ నీకే వస్తుందిగా?"

తొర్కెల్ కేకు పట్టుకునే నిలబడ్డాడు.

"పెట్టవయ్యా!" అన్నాడు ఆన్‌ఫిన్. "నమ్మకమున్నోడికి భయమేంటి?"

"పెట్టండి" అంది గున్వొర్ కూడా, తల దించుకుని, మెల్లగా. "ఆ కేకు తిని తిని నాకు మొహం మొత్తింది."

తొర్కెల్ బల్లవైపు చూశాడు. తొట్టివైపు చూశాడు. తర్వాత మందిరమంతా చూస్తుండగా కేకును ఇంకాస్త దగ్గరకు, పొట్టకు హత్తుకున్నాడు. పై చుట్టు విరిగి నేలమీద దొర్లింది. కాగితం జెండా ఒకటి అతని కోటు బొత్తాంలో ఇరుక్కుని ఊగుతోంది.

  వెనక బెంచీల్లో ముసలమ్మ ఒకామె, ఓలీనతో కలిసి చేపలు కోసినావిడ, "అయితే ఆయన చూపు కాదన్నమాట" అంది, ఎవరితోనూ కాకుండా. అమ్మమ్మ విరిగిన చుట్టు తీసి ఆమె చేతిలో పెట్టింది.

సోమవారం తూరా అన్నం డబ్బాలో పాచికలు తెచ్చింది. "తాతయ్య ఇమ్మన్నాడు టీచర్."

అమ్మమ్మ మూత పెట్టేసింది. "తీసుకెళ్ళినవాడు తెస్తే తీసుకుంటానని చెప్పు."

బుధవారం తొర్కెల్ వచ్చాడు. టోపీ రెండు చేతుల్లో పట్టుకుని, పాచికలన్నీ బల్లమీద పోశాడు. వెళ్ళబోయాడు.

"పాఠం మొదలైంది, మధ్యలో లేచి వెళ్ళడం మా బళ్ళో మర్యాద కాదు" అంది అమ్మమ్మ. "కూర్చో. చోటుంది." వేలితో చూపించింది. తరగతిలో అందరికంటే వెనక, తలుపు పక్కన ఉన్న బెంచీ.

పిల్లల బెంచీలో అతని మోకాళ్ళు పట్టలేదు. గడ్డం దాకా లేచాయి. అయినా కూర్చున్నాడు. అమ్మమ్మ అతని ముందు రెండు పాచికలు పెట్టింది.

"ఏ మొత్తం ఎక్కువసార్లు పడుతుందనుకుంటున్నావు తొర్కెల్?"

అతను పాచికల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పన్నెండు" అన్నాడు.

నేను పడీపడీ నవ్వాను. అమ్మమ్మ నవ్వలేదు.

"వెయ్యి" అంది. "పన్నెండు ఏడును దాటేదాకా వేస్తూనే ఉండు."

గంట కొట్టారు. అందరం ఇళ్ళకు పోయాం. తొర్కెల్ ఇంకా వేస్తూనే ఉన్నాడు.