దారికడ్డంగా ఉసిరి రెమ్మ

చోడవరం బజారులో కార్తీకానికి అమ్మే ఉసిరి కొమ్మలు చూస్తే ఇప్పటికీ నాకు తల దించుకోవాలనిపిస్తుంది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మాడుగుల పైనున్న రిజర్వు అడవి చూపిస్తానని నాన్న తీసుకెళ్ళారు. దారి చూపడానికి సోమన్న అనే కొండమనిషి వచ్చాడు. బయల్దేరేముందు అమ్మ, నాన్నకి చెప్పినట్టే నా చెవిలోనూ, "కొత్తోడు. ఆడి మీద ఓ కన్నేసుంచే" అంది.

బడిపంతులైన నాన్న చెట్టుచెట్టుకీ ఆగి వెనకబడ్డారు. దారి చీలిన ప్రతిచోటా సోమన్న ఉసిరి రెమ్మ విరిచి ఒక దారికి అడ్డంగా వేస్తున్నాడు. దొంగలకి గుర్తులు పెడుతున్నాడనుకున్నాను. అతను ముందుకి కదలగానే ఒక్కొక్కటీ తీసి అటుకుల సంచిలో దాచేశాను.

గెడ్డ నీళ్ళ ఒడ్డున ఎంతసేపు కూర్చున్నా నాన్న రాలేదు. సోమన్న వెనక్కి పరిగెత్తి, పొద్దువాలే వేళకి, ఒళ్ళంతా ముళ్ళు గీరుకున్న నాన్నని తీసుకొచ్చాడు.

"రెమ్మ అడ్డంగా ఉన్న దారంట రావద్దన్నావు కదా. ఒక్క రెమ్మా లేదేటి?" అని నాన్న మండిపడ్డారు.

సంచిలోంచి తొంగిచూస్తున్న ఆకులు సోమన్న కంటపడ్డాయి. మెల్లగా సంచి మూతి మడిచేశాడు.

"మరిసిపోయేను బాబూ" అన్నాడు.

ఇంటికొచ్చాక నాన్న అమ్మతో, "నువ్వన్నదే నిజం. ఆడు నమ్మదగ్గ మనిషి కాడు" అన్నారు.

ఆ మాట తప్పని నేను చెప్పడం ఇదే మొదటిసారి.