లెక్క సరిపోయిన ఎక్స్‌రేలు

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఓ మే నెలలో, మా ఫ్యాక్టరీ ఆరోగ్య కేంద్రంలో కంప్యూటరు మార్చే పని నాకు అప్పగించారు. అప్పుడు నేను జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో సిస్టమ్స్ ఆఫీసరుని. పాత కంప్యూటరు యూనిక్స్ మీద నడిచేది, కొత్తది విండోస్ మీద. క్వారీ కార్మికులు ఉద్యోగంలో చేరినప్పుడు తీసిన ఛాతీ ఎక్స్‌రేలన్నీ పాతదానిలోనే ఉన్నాయి. అసలు ఫిల్ములు ఎప్పుడో పాడైపోయాయి. ఫైళ్లు కొత్తదానిలోకి చేరాక నేనూ, కేంద్రం చూసుకునే నర్సు సుగుణ గారూ సంతకాలు పెడితే పాత డిస్కు చెరిపేస్తారు. అదీ పద్ధతి.

ఈ శాఖకు రాకముందు చాలా ఏళ్లు డిస్పాచ్‌లో పనిచేశాను. లారీకెక్కే బస్తాలు లెక్కపెట్టి సంతకం పెట్టడమే అక్కడి ఉద్యోగం. బస్తా విప్పి చూసేవాడెవడూ ఉండడు. ఆ అలవాటుతోనే రెండు యంత్రాల్లోనూ ఫైళ్లు లెక్కపెట్టాను. పేర్లు సరిపోయాయి, సంఖ్యా సరిపోయింది. సంతకం పెట్టేసి కాగితం సుగుణ గారి ముందుకు తోశాను.

ఆవిడ రోజూ కంచికచర్ల నుంచి బస్సులో వచ్చేవారు. కంప్యూటర్ల సంగతి అట్టే తెలియదు. పెన్ను మాత్రం తీయలేదు. "మస్తాన్ గారిది ఒక్కటి తెరిచి చూపించండి సార్. రేపు డాక్టరు గారికి కావాలి," అన్నారు.

మస్తాన్ క్వారీలో డ్రిల్లరు. దగ్గు తగ్గక ఆ వారమే నందిగామలో ఎక్స్‌రే తీయించుకుంటే మచ్చలు కనిపించాయి. చిన్నప్పుడు టీబీ వచ్చిందని, అవే అయ్యుంటాయని అతను అంటున్నాడు. అదే నిజమైతే పనిలో కొనసాగవచ్చు. చేరాక వచ్చినవైతే క్వారీ రాతిదుమ్ము వల్లే, అందులోంచి వెంటనే తప్పించాలి. తేల్చగలిగింది ఆ పాత ఎక్స్‌రే ఒక్కటే.

నాకు ఒళ్లు మండింది. లెక్క సరిపోయాక ఇంకా చూసేదేముందని కసిరాను.

"మీరు లెక్కపెట్టారు, కాదనను సార్. నాకు ఆయన ఊపిరితిత్తులు కనపడాలండి. కనపడకుండా సంతకం పెట్టను," అన్నారావిడ, గొంతు పెంచకుండానే.

విసురుగా తెరిచాను. తెర నిండా బూడిదరంగు చారలు. ఇంకొకటి తెరిచాను, మరొకటి తెరిచాను. అన్నీ అంతే.

తప్పు నాదే. రాతఫైళ్లలో పంక్తి ముగిసిందని చెప్పడానికి యూనిక్స్ ఒక గుర్తు వాడుతుంది, విండోస్ రెండు వాడుతుంది. టెక్స్ట్ మోడ్‌లో పంపితే ఆ రెండోదాన్ని పంపే ప్రోగ్రామే చేరుస్తుంది. ఉత్తరాలకు అది మేలే. బొమ్మలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు చేరాలి, అందుకు బైనరీ మోడ్ పెట్టాలి. నేను మోడ్ చూసుకోలేదు, అన్నీ టెక్స్ట్ మోడ్‌లోనే వెళ్లి పాడయ్యాయి. ఆవిడ సంతకం పెట్టి ఉంటే సాయంత్రానికల్లా పాత డిస్కు ఖాళీ అయ్యేది. సిగ్గేసింది. ఆవిడకు క్షమాపణ చెప్పి, మోడ్ మార్చి, అన్నీ మళ్లీ పంపాను. ఈసారి మస్తాన్‌దే ముందు తెరిచాను.

మర్నాడు డాక్టరు గారు రెండు ఎక్స్‌రేలూ పక్కపక్కన పెట్టి చూపించారు. పాతదానిలో ఒక్క మచ్చా లేదు. మస్తాన్ చాలాసేపు దాన్నే చూశాడు.

"చేరినప్పుడు ఇంత శుభ్రంగా ఉన్నాయా అండీ నావి?" అన్నాడు.

ఆ వారమే అతన్ని గేటు డ్యూటీకి మార్చారు, వైద్యం మొదలుపెట్టారు.

తర్వాత మా శాఖ కాగితంలో సంతకాల వరస మార్పించాను. ఫైళ్లు ఎవరికి కావాలో వాళ్లు తెరిచి చూసి ముందు సంతకం పెట్టాలి. పంపినవాడు ఆ తర్వాతే. రిటైరయ్యేదాకా నా సంతకం ఎప్పుడూ రెండోదే.