ఎర్ర తీగ

పదో తరగతికి సైన్సు చెప్పే ఆయన్ని బడిలో అందరూ తీగల మాస్టారు అనేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు మూరల రాగి తీగ, అర ముక్క బ్లేడు ఉండేవి. బల్బు వెలగలేదని పిల్లలు బిక్కమొహం వేస్తే తిట్టేవారు కాదు. "కొసలు గీకావా?" అని అడిగేవారు, అంతే.

రెండేళ్ళ కిందట బడికి పన్నెండు కంప్యూటర్లు వచ్చాయి. కొత్తొక వింత, పాతొక రోత. తెర మీద బ్యాటరీ, స్విచ్చి, బల్బు బొమ్మల్ని మౌస్‌తో లాగి తీగలు కలిపితే చాలు, సర్క్యూట్ తయారు. తప్పుగా కలిపిన తీగ ఎర్రబడేది. దాన్ని తీసి మరోచోట పెడితే బల్బు వెలిగేది. వారం పట్టే పాఠం ఒక్క పీరియడ్‌లో అయిపోతుంటే హెడ్మాస్టారు పొంగిపోయి, పక్క బళ్ళవాళ్ళని పిలిచి మరీ చూపించారు. ఆ పొగడ్త మాస్టారికీ రుచించింది, దాచడమెందుకు? తీగలు, బల్బులు దాచిన పెట్టె బీరువా పైకెక్కింది. జేబులో బ్లేడు పోయి పెన్‌డ్రైవ్ వచ్చింది.

మాస్టారి మేనకోడలిదీ ఆ క్లాసే. బడిలో సార్, ఇంట్లో మామయ్య. తెర మీద ఆ పిల్లను మించినవాళ్ళు లేరు. సైన్సు బాగా చెప్పే కాలేజీలో సీటు కావాలని దాని ఆశ. అందుకు ప్రాక్టికల్ పరీక్షలో మంచి మార్కులు రావాలి. "నీకేమే, కళ్ళు మూసుకుని చేసేస్తావు" అని మామయ్యే ధైర్యం చెప్పారు.

పరీక్షకు బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ బల్ల మీద నిజం బ్యాటరీ, నిజం తీగలు పెట్టించింది. మాస్టారు తలుపు దగ్గర నిలబడవచ్చు, నోరు మాత్రం విప్పకూడదు. పిల్ల అన్నీ సరిగ్గానే కలిపింది. బల్బు వెలగలేదు. కరెంటును పారనివ్వకుండా తీగల కొసలకు పట్టిన పచ్చటి చిలుం మాస్టారికి గుమ్మంలోకే కనిపిస్తోంది. పిల్లకు మాత్రం ఒక తీగ ఎర్రగా కనిపించింది. ఊడదీసి మరోచోట బిగించింది. ఇంకా ఎర్రగానే ఉంది. మళ్ళీ ఊడదీసింది. పక్కనే ఉన్న బ్లేడు వంకైనా చూడలేదు. గంట మోగేదాకా ఆ ఎర్ర తీగతోనే కుస్తీ పట్టింది. మాస్టారి చెయ్యి బ్లేడు లేని జేబును తడుముతూనే ఉంది.

సీటు రాలేదు. ఆ కబురు తెలిసిన సాయంత్రం మాస్టారు పెట్టె దింపి అక్క ఇంటికి మోసుకెళ్ళారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని ఆయనకూ తెలుసు.

"ఆ ఎరుపు తీగ మీది ప్లాస్టిక్ తొడుగుదేనమ్మా. తప్పు నీది కాదు, నాది. కొసలు గీకితే సరిపోయేది" అంటూ గీకి కలిపారు. బల్బు వెలిగింది.

పిల్ల పెట్టె మూత మీది దుమ్ము వేలితో తుడిచింది.

"ఈ పెట్టె బడిలో ఎక్కడుండేది మామయ్యా?"

"కంప్యూటర్ గదిలో. బీరువా పైన."

"నేను రోజూ దాని కిందే కూర్చునేదాన్ని" అంది.