యాభై దాటాక వణుకు

మా పాత పికప్పు బండి వేగం యాభై దాటగానే వణికేది. నలభైలో ఏమీ ఉండేది కాదు. యాభై నుంచి అరవై దాకా అడుగున ఒక సన్నటి వణుకు పుట్టి, సీట్లోకి, తలుపుల్లోకి పాకి, చివరికి మా ఆయన పళ్ళ దాకా వెళ్ళేది. ఆయన విసుక్కునేవారు. నాకు మాత్రం, అబద్ధమెందుకు, అది హాయిగా ఉండేది. నేను వెనక మొక్కల మధ్య గోనెపట్టా మీద కూర్చునేదాన్ని. వణుకు మొదలైతే చుట్టూ ఆకుల అంచులు చెరిగిపోయి, పచ్చటి పొగలో కూర్చున్నట్టు ఉండేది. కాలవ గట్టు, కొబ్బరి నీడలు, రేవులో బట్టలుతికే చప్పుడు, అన్నీ ఆ పొగలోంచి వెనక్కి జారిపోతుంటే కళ్ళు మూతలు పడేవి. ఎన్నిసార్లు అలా నిద్రపోయానో చెప్పలేను.

ఇది తొంభైల చివరి సంగతి. కడియం దగ్గర మాకో చిన్న నర్సరీ ఉండేది. అంట్లు కట్టడంలో మా అత్తగారిది పేరున్న చెయ్యి. నాటు మామిడి మొక్క తల కోసి, దాని మీద మంచి చెట్టు పుల్లను చెక్కి కూర్చి, ప్లాస్టిక్ పట్టీతో గాలి చొరకుండా బిగించి కట్టాలి. పుల్ల చిగురిస్తే అంటు పట్టినట్టే. చూపు మందగించాక ఆవిడ ఆ కత్తి నా చేతిలో పెట్టారు. పుట్టింట్లో వంకాయ తరగడం కూడా చేతకాదని పేరు తెచ్చుకున్నదాన్ని, అలాంటిది కట్టినవి కట్టినట్టు చిగురిస్తుంటే పొద్దున్నే మొహం కూడా కడుక్కోకుండా వెళ్ళి చూసుకునేదాన్ని. "మా కోడలి హస్తవాసి మంచిదండి" అని అత్తయ్యగారు నలుగురిలో అన్న రోజు నాకు అన్నం సయించలేదు. కడుపు అప్పటికే నిండిపోయింది.

ఆ సంతోషంలోనే కాబోలు, దసరాకి బండిని నేనే ముస్తాబు చేశాను. కడిగి, తుడిచి, కిందికి దూరి, వెల్లకిలా పడుకుని కనబడ్డ ఇనుమంతటికీ వెండి రంగు పూశాను. పూజలో బండి పెళ్ళికొడుకులా మెరిసిపోయింది. కార్తీకంలో కింద ఏదో కిచకిచమంటోందని మా ఆయన దారిలో ఒక రిపేరు షెడ్డులో బేరింగులు మార్పించారు. వణుకు పట్టుకున్నది ఆ తర్వాతే. చక్రాలు మార్చారు, ఇంజను కింద రబ్బర్లు మార్చారు, క్లచ్చు విప్పి చూశారు. ప్రతి షెడ్డులోనూ "ఇంక చూస్కోండి, దూసుకుపోద్దండి" అని బల్లగుద్ది చెప్పేవారు. యాభై దాటితే మళ్ళీ మామూలే.

మాఘమాసంలో పెనుగొండ నుంచి కబురొచ్చింది. అక్కడి కొట్టువాళ్ళు కొత్త తోటకి మా దగ్గర మామిడి అంట్లు తీసుకున్నారు. సగానికి సగం ఎండిపోయాయట. "మీ అంట్లు ఇదివరకు ఇలా ఉండేవి కాదండి. కట్టే చెయ్యి మారిందటగా?" అని ఆ కొట్టు పెద్దాయన మర్యాదగానే అడిగారట. తర్వాత నరసాపురం నుంచీ అదే మాట. లారీల్లో దూరాలకి వెళ్ళిన మొక్కలు బతికాయో లేదో ఎవరూ వచ్చి చెప్పరు. చెప్పేది దగ్గరివాళ్ళు. ఆ దగ్గరివాళ్ళకి మొక్కలు మోసేది మా బండి. ఇంత చిన్న విషయం మాలో ఎవరికీ తట్టలేదు.

అత్తయ్యగారు నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఒక పొద్దున చూస్తే కత్తి దాని చోట లేదు. "కొన్నాళ్ళు నీళ్ళు పోసే పని చూడమ్మా" అన్నారు. తిట్టినా బాగుండును. గులాబీ మడుల వెనక్కి వెళ్ళి ఏడ్చాను. నా చేతులు నాకే పరాయివాళ్ళవిలా కనిపించాయి.

పెనుగొండ వాళ్ళకి బదులు మొక్కలు ఇవ్వాలి కాబట్టి ఈసారి అంట్లు ఆవిడే కట్టారు, కళ్ళజోడు సర్దుకుంటూ, తడుముకుంటూ. తొలకరి పడ్డాక వాటిని బండికెత్తాం. నేను మామూలుగానే వెనక కూర్చున్నాను. ఈసారి నిద్ర రాలేదు. మబ్బు పట్టిన పగలు. సిద్ధాంతం వంతెన కింద గోదావరి ఎర్రగా, ఎటూ వెళ్ళనట్టు పడుకుని ఉంది. వంతెన దిగేటప్పుడు న్యూట్రల్ చేసి బండిని ఊరికే జారనివ్వడం మా ఆయనకి అలవాటు, డీజిల్ ఆదా అని. ఇంజను గొంతు తగ్గిపోయింది. గాలి చప్పుడు ఒక్కటే మిగిలింది. ఆ నిశ్శబ్దంలో నా చుట్టూ రాగి రంగు లేత ఆకులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

చాలాసేపు ఆ అందమే చూశాను. తర్వాత కిందికి చూశాను. మొక్కల కవర్ల చిల్లుల్లోంచి మట్టి సన్నగా, జల్లెడ పట్టినట్టు రాలుతోంది. ఒక మొక్క మొదలు పట్టుకుని కదిపితే వేరు మట్టిలో వదులుగా ఆడింది. నేను హాయిగా నిద్రపోయిన వణుకే ఇన్నాళ్ళూ నా అంట్లని చంపుతోంది.

ఒక్క క్షణం ఊరుకుందామనిపించింది. ఇవీ చస్తే ఆవిడ చేతికీ అదే మాట వస్తుంది కదా అనిపించింది. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. వెంటనే క్యాబిన్ అద్దం మీద దబదబా బాదాను.

"ఏంటే, ఏమైంది?"

"ఏవండీ, నలభై దాటనివ్వకండి. మొక్కలు చచ్చిపోతున్నాయి."

నలభైలోనే పెనుగొండ చేరాం. మర్నాడు రాజమండ్రిలో ఒక ముసలి మేస్త్రి దగ్గరికి వెళ్ళాం. మా ఆయన మార్పించినవన్నీ ఏకరువు పెడుతుంటే నేను అడ్డుపడ్డాను. "న్యూట్రల్లో జారుతున్నా వణుకు తగ్గలేదండి."

మేస్త్రి నా వైపు తిరిగాడు. "ఆయ్, అయితే ఇంజనూ కాదు, క్లచ్చూ కాదమ్మా. దాని ఎనకాల చూడాలి."

బండి కిందికి దూరి, గేరుబాక్సు నుంచి వెనక చక్రాలకి తిప్పుడు అందించే పొడుగాటి షాఫ్టుని కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు, గీకాడు. నన్ను వంగి చూడమన్నాడు. ఆ షాఫ్టు రెండు ముక్కలు, ఒకదాన్లోకి ఒకటి దూరి ఉంటాయి. రెండింటి మీదా ఒక్కో బాణం గుర్తు. విప్పి బిగించినప్పుడు ఆ బాణాలు రెండూ ఎదురెదురుగా రావాలి, లేకపోతే వేగం పెరిగేసరికి షాఫ్టు వణుకుతుంది. మావి ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి.

"బేరింగులు మార్చడానికి దీన్ని ఇప్పినాయనకి గుర్తులు కనబడుండవండి. ఇంత మందాన రంగేసింది ఎవరండీ?"

మా ఆయన పైన రేకుల కప్పు చూడసాగారు. నన్ను కాపాడాలనే. "నేనేనండి" అన్నాను.

మేస్త్రి షాఫ్టు ఊడదీసి, బాణాలు కలిపి బిగించాడు. వస్తుంటే అరవై దాటింది. ఖాళీ బండిలో గోనెపట్టా అంచు కూడా కదల్లేదు. నాకు ఏదో పోగొట్టుకున్నట్టూ, ఏదో దొరికినట్టూ ఉంది.

ఇంటికి రాగానే మా ఆయన చెప్పింది విని అత్తయ్యగారి కళ్ళు చెమ్మగిల్లాయి. లోపలికెళ్ళి కత్తి తెచ్చారు. "నీ చేతిని అనుమానించానమ్మా" అన్నారు. రంగు సంగతి ఆయన చెప్పలేదు. నేనూ ఊరుకోవచ్చు. కానీ కత్తి అందుకోబోయిన చెయ్యి ఆగిపోయింది.

"తప్పు నా చేతిదే అత్తయ్యా. ఆ గుర్తులు మూసిపోయింది నేను వేసిన రంగుతోనే."

ఆవిడ నా అరచెయ్యి విప్పి చూశారు.

"ఎన్ని పూతలు వేశావు?"

"రెండు. మొదటిది ఆరాక రెండోది."

"ఎవరూ చూడని బండి అడుక్కి కూడా రెండు పూతలు వేసే పిల్ల, అంటు వదులుగా కడుతుందని ఎలా అనుకున్నానే నేను!" అంటూ కత్తి నా చేతిలో పెట్టి, వేళ్ళు మూశారు.

వెలుగు ఉండగానే వెళ్ళి కూర్చున్నాను. మొదటి పట్టీ చుడుతుంటే నా చేతులు వణికాయి. అత్తయ్యగారు చూశారు. దగ్గరికొచ్చి, మొక్క కదలకుండా మొదలు పట్టుకున్నారు.